తొమ్మిది సీట్లు, రెండు పిస్టన్ ఇంజన్లు: టెక్నామ్ పి2012 చిన్న దూరాలకు ఎంతవరకు పనికొస్తుంది?

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలిసి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి కడప, కర్నూలు లాంటి ఊళ్లకు నడపడానికి కొత్త తరం తొమ్మిది సీట్ల పిస్టన్ విమానం సరిపోతుందా? టర్బైన్లు (జెట్ తరహా ఇంజన్లు) ఉండగా ఎవరైనా పిస్టన్ (కారు తరహా ఇంజన్) ఎందుకు కొంటారు? గాల్లో ఒక ఇంజన్ ఆగితే రెండోది నిజంగా ఆదుకుంటుందా?

ముందు క్లుప్తంగా చెప్తాను. విమానం మంచిదే, గంటలోపు ప్రయాణాల కోసమే గీశారు. రెండో ఇంజన్ ఆదుకుంటుందా లేదా అన్నది మాత్రం ఆ రోజు బరువు, ఎండ, రన్‌వే చివర ఏముంది అన్న వాటిని బట్టి ఉంటుంది. మన దగ్గర దీన్ని నడపాలంటే అసలు చిక్కు ఇంధనం.

ఇటలీలో నేపుల్స్ దగ్గర కాపువాలో ఉన్న టెక్నామ్ కంపెనీ విమానం ఇది. గీసినాయన లుయీజీ పాస్కాలే. ఆయన అంతకుముందు గీసిన పార్టెనావియా పి.68 రెండింజన్ల విమానాన్ని 1990లలో మన హోసూరులో తనేజా ఏరోస్పేస్ లైసెన్సు మీద కట్టింది, కాబట్టి ఈ వంశం మనకు మరీ కొత్త కాదు. పి2012 మొదటిసారి ఎగిరింది 2016 జూలైలో. యూరప్ ధ్రువీకరణ 2018 డిసెంబరులో వచ్చింది, 2019లో అమెరికాలోని కేప్ ఎయిర్‌కు అప్పగింతలు మొదలయ్యాయి. రెక్క క్యాబిన్ పైన ఉంటుంది, చక్రాలు ముడుచుకోవు, క్యాబిన్‌కు ప్రెజరైజేషన్ (లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు) లేదు. టేకాఫ్ బరువు దాదాపు 3,600 కిలోలు. ఒక్కో వైపు 375 హార్స్‌పవర్ లైకమింగ్ టీఈఓ-540-సీ1ఏ ఇంజన్, టర్బోచార్జర్‌తో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం), ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో. ట్యాంకుల్లో 750 లీటర్లు పడుతుంది.

కేప్ ఎయిర్ సంగతి చెప్పకుండా ఈ విమానం ఎందుకు పుట్టిందో అర్థం కాదు. మసాచుసెట్స్‌లోని హయానిస్ కేంద్రంగా బోస్టన్, ప్రొవిన్స్‌టౌన్, నాన్‌టకెట్ మధ్య చిన్న చిన్న సర్వీసులు నడిపే సంస్థ అది. దశాబ్దాలుగా వాళ్ల బలం సెస్నా 402సీ. దాని ఉత్పత్తి 1985లోనే ఆగిపోయింది. పాతబడ్డ రెక్క దూలాలకు బలపట్టీలు వేయించుకుంటూ, హైడ్రాలిక్ ల్యాండింగ్ గేరు మరమ్మతులు చేసుకుంటూ నెట్టుకొచ్చారు. పైపర్ చీఫ్‌టెన్ కూడా దాదాపు అదే కాలంలో ఆగిపోయింది. బ్రిటన్ నార్మన్ ఐలాండర్ ఇప్పటికీ ఉంది కానీ అది 1965లో ఎగిరిన డిజైను. అంటే తొమ్మిది మంది ప్రయాణికుల పిస్టన్ విమానం కొత్తది కావాలంటే ముప్పై ఏళ్లపాటు బజారులో దాదాపు ఏమీ దొరకలేదు. ఆ ఖాళీని నింపడానికే ఇది వచ్చింది.

అక్కడ రెండింజన్లు ఎందుకంటే, దారిలో సముద్రం ఉంది, చలికాలం నీళ్లలో దిగితే బతకడం కష్టం. దీనికి తగ్గ ఖర్చూ ఉంది. అమెరికా నిబంధనల్లో షెడ్యూల్డ్ కమ్యూటర్ సర్వీసులో రెండింజన్ల విమానం నడిపే కెప్టెన్‌కు ఏటీపీ లైసెన్సు (ఎయిర్‌లైన్ పైలట్ల పై స్థాయి లైసెన్సు) ఉండాలి. అదే తొమ్మిది సీట్ల ఒక్క ఇంజన్ విమానానికైతే కమర్షియల్ లైసెన్సు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు, తగినన్ని గంటలు చాలు. ఏటీపీ వచ్చిన పైలట్‌ను పెద్ద ఎయిర్‌లైన్లు లాక్కుపోతాయి. విమానాల పోలికలో చాలామంది ఈ సంగతి వదిలేస్తారు, కానీ చిన్న సంస్థల్ని దెబ్బతీసేది చాలాసార్లు ఇదే.

చక్రాలు ముడుచుకోకపోతే వేగం తగ్గదా అని అడుగుతారు. తగ్గుతుంది. 120 నాటికల్ మైళ్ల దూరానికి 170 నాట్లతో (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) 42 నిమిషాలు, 180 నాట్లతో 40 నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం హైడ్రాలిక్ పంపులు, యాక్చుయేటర్లు, లాకులు, వాటి తనిఖీలు, గేరు దించడం మరిచి పొట్ట మీద దిగే ప్రమాదం అన్నీ నెత్తికెత్తుకోవాలి. రోజుకు పది సార్లు దిగే విమానానికి ఆ బేరం గిట్టదు. ఈ విమానంలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదేనని నా అభిప్రాయం.

ఇక టర్బైన్. ఒక్క ఇంజన్ విమానం సెస్నా గ్రాండ్ కారవాన్‌లో ఉండే పీటీ6ఏ-114ఏ టర్బైన్‌కు ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) మధ్య గడువు 3,600 గంటలు. పెద్ద పిస్టన్ ఇంజన్లకు అందులో సగం అటూఇటూ. నమ్మకంలో టర్బైన్‌దే పైచేయి, అందులో వాదన లేదు. కానీ టర్బైన్ తక్కువ ఎత్తులో ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఎత్తుకు వెళ్తేనే దాని గుణం బయటపడుతుంది, అరగంట ప్రయాణంలో ఆ ఎత్తుకు చేరేలోపే దిగడం మొదలెట్టాలి. కారవాన్ గంటకు సుమారు 170 కిలోల ఏటీఎఫ్ (జెట్ ఇంధనం) కాలుస్తుంది. పి2012 రెండు ఇంజన్లూ కలిపి 65 శాతం పవర్‌లో గంటకు 135 లీటర్లు, అంటే 97 కిలోల దగ్గర ఉంటుంది. ఈ అంకె ఇలా వస్తుంది: 375లో 65 శాతం 244 హార్స్‌పవర్. హార్స్‌పవర్‌కు గంటకు 0.44 పౌండ్ల చొప్పున ఒక్కో ఇంజన్‌కు 107 పౌండ్లు. ఏవ్‌గ్యాస్ (పిస్టన్ విమానాల పెట్రోలు) లీటరు 0.72 కిలోలు. ఓవర్‌హాల్ ఖర్చు కూడా పీటీ6తో పోలిస్తే పిస్టన్‌ది చాలా తక్కువ, కాకపోతే తరచుగా వస్తుంది.

రెండో ఇంజన్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఎక్కువ అపోహలున్నది ఇక్కడే. సగం పవర్ పోతే పైకెక్కే సామర్థ్యం సగం పోతుందనుకుంటారు. నిజానికి 80 నుంచి 90 శాతం పోతుంది. విమానం ఒకే ఎత్తులో ఎగరడానికే పవర్‌లో పెద్ద భాగం ఖర్చవుతుంది, పైకెక్కడానికి మిగిలేది ఆ పైన ఉన్న కాస్త మిగులే. 6,000 పౌండ్లు దాటిన పిస్టన్ విమానాలకు అమెరికా పాత పార్ట్ 23 (చిన్న విమానాల ధ్రువీకరణ) నిబంధన అడిగింది ఇంతే: టేకాఫ్ చేసిన నేలకు 400 అడుగుల ఎత్తులో ఎక్కుడు (పైకెక్కే వాలు) సున్నాకు కొంచెం పైన ఉండాలి, 1,500 అడుగుల దగ్గర 0.75 శాతం ఉండాలి. 0.75 శాతం అంటే ఒక నాటికల్ మైలు ముందుకెళ్తే 45 అడుగులు పైకి. 100 నాట్ల వేగంలో నిమిషానికి 76 అడుగులు. రన్‌వే చివర 150 అడుగుల సెల్ టవర్ ఉంటే దాన్ని దాటడానికి మూడు మైళ్లకు పైగా కావాలి. ఇది కనీస ప్రమాణం, విమానం ఇంతకంటే బాగా ఎక్కొచ్చు. కానీ పెద్ద జెట్లకున్నట్టు ఏ క్షణంలో ఇంజన్ పోయినా టేకాఫ్ కొనసాగించగలదన్న హామీ ఈ తరగతికి లేదని గుర్తుపెట్టుకుని లెక్క వేయాలి.

దీనికి మన ఎండ కలపండి. శంషాబాద్ సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 ఉంటే తేడా 31. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,720 కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి విమానానికి తోచే ఎత్తు, దాదాపు 5,700 అడుగులు. టర్బోచార్జర్ ఉంది కాబట్టి ఇంజన్ పవర్ చాలావరకు నిలబడుతుంది. రెక్కకూ ప్రొపెల్లర్‌కూ మాత్రం టర్బో లేదు. వేగం మీటరులో అదే అంకె కనిపించినా నేల మీద అసలు వేగం 9 శాతం ఎక్కువ ఉంటేనే విమానం లేస్తుంది. వేగం 9 శాతం పెరిగితే చక్రాల మీద పరుగు 19 శాతం పెరుగుతుంది, ఆగడానికి బ్రేకులు మింగాల్సిన శక్తీ అంతే పెరుగుతుంది. టర్బో ఉందిగా అని ఎండ లెక్క వదిలేయడం ఈ తరగతి విమానాల్లో తరచుగా జరిగే పొరపాటు.

టేకాఫ్ ముందు పైలట్ ఖరారు చేసుకోవాల్సింది ఇది. పరుగెత్తి, ఇంజన్ పోయి, ఆగడానికి పట్టే దూరం రన్‌వేలో ఇమడాలి. ఇమడకపోతే మనిషినో బ్యాగునో దించాలి. నేల వదలకముందు ఏ తేడా కనిపించినా రెండు థ్రాటిళ్లూ వెనక్కి. నేల వదిలాక వేగం మీటరులోని నీలి గీత వేగం, అంటే ఒక్క ఇంజన్‌తో బాగా ఎక్కగల వేగం రాకముందు ఇంజన్ పోయి, ముందు రన్‌వే మిగిలి ఉంటే దిగడమే మేలు. నీలి గీత దాటాక ముక్కు కాస్త దించి ఆ వేగం పట్టుకోవాలి. ఎర్ర గీత, అంటే ఒక్క ఇంజన్‌తో అదుపులో ఉంచగల కనీస వేగం, కంటే కిందికి పడితే చుక్కాని చాలదు, విమానం ఆగిన ఇంజన్ వైపు తిరగబడుతుంది. రెండు ప్రొపెల్లర్లూ పైలట్ వైపు నుంచి చూస్తే కుడికి తిరిగే విమానాల్లో ఎడమ ఇంజన్ పోవడమే ఎక్కువ ప్రమాదం, కుడి ఇంజన్ లాగుడు మధ్య గీతకు దూరంగా పడుతుంది కనుక.

తర్వాత ఏ ఇంజన్ పోయిందో గుర్తించడం. విమానాన్ని తిన్నగా ఉంచడానికి ఏ కాలు పెడల్ మీద బలంగా నొక్కుతోందో ఆ వైపు ఇంజన్ బతికి ఉంది, ఊరికే ఉన్న కాలు వైపుది పోయింది. ఆ వైపు థ్రాటిల్ వెనక్కి లాగి, ఏమీ మారలేదని ఖాయం చేసుకున్నాకే ఫెదర్. ఈ ఖాయం చేసుకోవడం వదిలేసి, కంగారులో బాగున్న ఇంజన్‌ను ఆపేసిన ప్రమాదాలు చరిత్రలో ఉన్నాయి. ఫెదర్ అంటే ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అంచు చూపేలా తిరగడం. అలా తిప్పకపోతే గాలికి ఊరికే తిరిగే ప్రొపెల్లర్ పెద్ద బ్రేకులా పనిచేసి, మిగిలిన ఆ కాస్త ఎక్కుడునూ మింగేస్తుంది. సాధారణంగా ఈ ప్రొపెల్లర్లలో నూనె ఒత్తిడి రెక్కల్ని ఎగిరే కోణంలో ఉంచుతుంది, ఒత్తిడి పోతే స్ప్రింగులు, బరువులు ఫెదర్ వైపు లాగుతాయి. నేల మీద ఇంజన్ ఆపినప్పుడు ఫెదర్ కాకుండా, సుమారు 800 ఆర్‌పీఎం కింద చిన్న పిన్నులు పడి ఆపుతాయి. అందుకే ఇంజన్ బిగుసుకుపోతూ వేగం పడిపోతుంటే, ఆ అంకెకు చేరకముందే ఫెదర్ చేయాలి. ఆలస్యమైతే పిన్ను పడి, ఇక ఎంత లాగినా కాదు.

ఇప్పుడు ఇంధనం. ఈ ఇంజన్‌కు 100 ఆక్టేన్ ఏవ్‌గ్యాస్ కావాలి. మన విమానాశ్రయాల్లో బౌజర్లలో (ఇంధనం పోసే ట్యాంకర్లలో) ఉండేది ఏటీఎఫ్. ఏవ్‌గ్యాస్ ప్రధానంగా పైలట్ శిక్షణ సంస్థలున్న చోట్ల దొరుకుతుంది. చాలాకాలం అంతా దిగుమతే. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ తన వడోదర రిఫైనరీలో తయారైన ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్‌ను విడుదల చేసింది, అది నిజంగా మేలు చేసిన అడుగు. అయినా కడప లాంటి చోట బౌజరు నిండా ఏవ్‌గ్యాస్ ఎదురుచూస్తుందని అనుకుని ప్లాన్ వేయకూడదు.

అందుకని హైదరాబాద్‌లోనే రానూపోనూ ఇంధనం పోసుకుని వెళ్తే ఏమవుతుందో చూద్దాం. విమానం ఖాళీ బరువు పోగా 1,300 కిలోలు మిగిలిందనుకోండి (మీ విమానం తూకం కాగితంలో ఉన్న అంకె వేసుకోండి, కొన్న పరికరాలను బట్టి మారుతుంది). ఇద్దరు పైలట్లకు 170 కిలోలు. ప్రయాణికుడికి బ్యాగుతో కలిపి 90. హైదరాబాద్-కడప 165 నాటికల్ మైళ్లు, 170 నాట్లతో 58 నిమిషాలు, 131 లీటర్లు. స్టార్ట్, టాక్సీ, ఎక్కుడుకు అదనంగా 25. ఒక వైపుకు 156. ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి 40 నిమిషాలు 90 లీటర్లు, ఆఖరి రిజర్వు 45 నిమిషాలు 101 లీటర్లు. అక్కడ ఇంధనం దొరికితే మొత్తం 347 లీటర్లు, 250 కిలోలు. మిగిలిన 880 కిలోల్లో తొమ్మిది మందీ సుఖంగా కూర్చుంటారు. దొరకకపోతే 503 లీటర్లు, 362 కిలోలు. మిగిలేది 768, అంటే ఎనిమిది మందే. ట్యాంకులు నిండా పోస్తే 540 కిలోలు, ఆరుగురే. తొమ్మిదిలో ఒక్క సీటు పోవడం అంటే ప్రతి ట్రిప్పులో ఆదాయం తొమ్మిదో వంతు పోవడం. ఎండాకాలం టేకాఫ్ బరువు తగ్గించాల్సి వస్తే ఇంకొకటీ పోతుంది. కర్నూలు దాదాపు సగం దూరమే కనుక అక్కడికి రానూపోనూ పోసుకున్నా తొమ్మిది మందితో వెళ్లొచ్చు, కానీ మంచి హైవే మీద మూడున్నర నాలుగు గంటల్లో ఇంటి గుమ్మం ముందు దిగే మనిషి విమానం టికెట్ ఎందుకు కొంటాడో కూడా ఆలోచించండి.

ఈ బరువుల్లో సగటు అంకెలు వాడకండి. 180 సీట్ల విమానంలో లావూ సన్నమూ కలిసి సరిపోతాయి, తొమ్మిది మందిలో సరిపోవు. కేప్ ఎయిర్‌లో ప్రయాణికుల బరువు అడిగి, దాన్ని బట్టే సీటు చూపిస్తారు. చెక్-ఇన్ దగ్గర మనిషినీ బ్యాగునూ కలిపి తూచడం మన దగ్గర మర్యాద కాదనిపించొచ్చు, మొదటి రోజు నుంచీ చేస్తే అలవాటైపోతుంది.

ఇంకో ప్రమాదం ఉంది, నా దృష్టిలో మన చోట్ల అన్నిటికన్నా పెద్దది. ఏటీఎఫ్ మాత్రమే పోసి అలవాటైన సిబ్బంది ఈ విమానంలో ఏటీఎఫ్ పోసేయడం. రెండు ప్రొపెల్లర్లు, తొమ్మిది కిటికీలు చూస్తే ఎవరైనా టర్బోప్రాప్ (టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిరిగే విమానం) అనుకుంటారు. పైపుల్లో మిగిలిన మంచి ఇంధనంతో ఇంజన్ స్టార్టవుతుంది, టాక్సీ అవుతుంది, టేకాఫ్ తర్వాత రెండు ఇంజన్లూ ఒకేసారి పోతాయి. అప్పుడు రెండో ఇంజన్ ఉండీ లాభం లేదు. ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ నీలం రంగు, ఏటీఎఫ్ లేత గడ్డి రంగు. కలిస్తే నీలం పలచబడుతుంది తప్ప పూర్తిగా పోదు, కాబట్టి రంగు ఒక్కటే చూసి నమ్మకూడదు. డ్రెయిన్ చేసిన శాంపిల్ నుంచి ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి కొన్ని నిమిషాలు ఆగండి. ఏవ్‌గ్యాస్ ఆరిపోయి మరక మిగలదు. ఏటీఎఫ్ కలిసి ఉంటే చుట్టూ జిడ్డు వలయం మిగులుతుంది. ఏటీఎఫ్ నాజిల్ మూతి వెడల్పుగా ఉండి ఏవ్‌గ్యాస్ రంధ్రంలో పట్టకూడదు. పట్టేలా సన్న నాజిల్ మార్చి పోస్తున్నారంటే అక్కడికక్కడే ఆపాలి. ఇంధనం పోసేటప్పుడు పైలట్ రెక్క దగ్గరే నిలబడాలి, రశీదు మీద ఇంధనం పేరు చదివి సంతకం పెట్టాలి.

హ్యాంగర్‌లో పని గురించి: పన్నెండు సిలిండర్లు, ఇరవై నాలుగు స్పార్క్ ప్లగ్గులు. ఏవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది కనుక తక్కువ పవర్‌లో ఎక్కువసేపు టాక్సీ చేస్తే ప్లగ్గుల కింద సీసం గోలీల్లా పేరుకుంటుంది. ఫిల్టర్ ఉన్న ఇంజన్‌కు నూనె 50 గంటలకోసారి మార్చాలి, ఆ ఫిల్టర్‌ను కోసి, కాగితం మడతలు విప్పి, అయస్కాంతం ఆనించి చూడాలి. ఇనుప రజను అంటుకుంటే కామ్, ట్యాపెట్ల (వాల్వులను కదిలించే భాగాల) మీద అనుమానం. కంప్రెషన్ పరీక్ష అంకె ఒక్కటే చూసి సిలిండర్ పీకేయొద్దు, బోర్‌స్కోప్‌తో (లోపలికి దూర్చి చూసే సన్న కెమెరాతో) ఎగ్జాస్ట్ వాల్వ్ చూడండి. వాల్వ్ అంచున ఒక పక్క ఆకుపచ్చగా రంగు మారి ఉంటే అది కాలుతోందని అర్థం, అంకె ఇంకా బాగానే ఉన్నా ఆ సిలిండర్ రోజులు దగ్గరపడ్డాయి.

టర్బోచార్జర్ నుంచి పొగగొట్టం బిగించే వీ-బ్యాండ్ క్లాంపు చిన్న వస్తువు, కానీ అది విరిగితే ఎర్రగా కాలిన వాయువు నేరుగా ఇంజన్ గదిలోకి వస్తుంది. స్పాట్ వెల్డింగ్‌తో అతికిన కొన్ని రకాల క్లాంపులకు 2023లో ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) 500 గంటల జీవితకాలం విధించింది. మీ ఇంజన్‌లో ఏ రకం ఉందో పార్ట్ నంబరుతో సరిచూసుకోండి. తీసిన క్లాంపును వెల్డు చుక్కల చుట్టూ భూతద్దంతో చూడాలి, నట్టును మళ్లీ బిగించేటప్పుడు టార్కు రెంచి తప్పనిసరి. దిగాక ఇంజన్ ఆపే ముందు రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి, లేకపోతే టర్బో బేరింగ్‌లో నూనె మాడి గట్టిపడుతుంది. పది నిమిషాల్లో మళ్లీ బయల్దేరాలన్న తొందరలో మొదట బలయ్యేది ఈ అలవాటే.

ఎలక్ట్రానిక్ కంట్రోల్ వల్ల మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్లు) తప్పు చేసి సిలిండర్లు కాల్చేయడం, వేడి ఇంజన్ స్టార్ట్ కాక ప్రయాణికుల ముందు తంటాలు పడడం తగ్గుతాయి. బదులుగా ఇంజన్ బతుకు కరెంటు మీద ఆధారపడుతుంది. కాబట్టి బ్యాటరీ ఆరోగ్యం, ఆల్టర్నేటర్, ఎర్త్ వైర్ల బిగింపు ఇక్కడ చిన్న విషయాలు కావు. రోజు మొదటి స్టార్ట్ తర్వాత రెండు కంట్రోల్ ఛానెళ్లూ విడివిడిగా పరీక్షించాలి. ఏ ఒక్కటి తేడా చూపినా, మళ్లీ స్టార్ట్ చేస్తే పోయిందిలే అని బయల్దేరడం తప్పు. వర్షాకాలంలో కనెక్టర్లలో తేమ చేరితే సరిగ్గా ఇలాగే వచ్చి పోతుంటుంది.

సీసం లేని ఇంధనం కోసం ఎదురుచూడొచ్చా అంటే, అమెరికాలో 2030 నాటికి సీసం ఏవ్‌గ్యాస్ మానేయాలన్న లక్ష్యం ఉంది, అక్కడ 2022లో జీ100యూఎల్ అనే 100 ఆక్టేన్ ఇంధనానికి ఎఫ్‌ఏఏ ఆమోదం వచ్చింది. మన రూట్లకు అది ఇప్పట్లో లెక్కలోకి రాదు. కరెంటు విమానం కోసం ఆగడమూ అనవసరం. ఇదే పి2012 ఆధారంగా టెక్నామ్ పీ-వోల్ట్ అనే బ్యాటరీ విమానం మొదలుపెట్టి, బ్యాటరీలు త్వరగా అరిగి మార్పిడి ఖర్చు గిట్టదని 2023లో పక్కన పెట్టింది. ఏటీఎఫ్‌తో నడిచే డీజిల్ పిస్టన్ కావాలంటే డైమండ్ డీఏ62 ఉంది, కానీ ఏడే సీట్లు, ఇంజన్‌కు 180 హార్స్‌పవర్.

నా సలహా: ఏవ్‌గ్యాస్ రెండు చివర్లా నమ్మకంగా దొరికే ఒప్పందం కాగితం మీద లేనిదే ఈ విమానం కొనొద్దు. అది కుదరకపోతే, దారంతా నేల మీదే కనుక, కారవాన్‌ను మొదట పరిశీలించండి. కుదిరితే, అమ్మేవాళ్లను బ్రోచర్ అడగొద్దు. ఫ్లైట్ మాన్యువల్‌లోని మూడు పేజీలు అడగండి: పూర్తి బరువుతో, 2,000 అడుగుల ఎత్తులో, 40 డిగ్రీల దగ్గర, పరుగెత్తి ఆగడానికి పట్టే దూరం, ఒక ఇంజన్ ఫెదర్ చేశాక నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతుందో, ఒక్క ఇంజన్‌తో నిలవగల గరిష్ఠ ఎత్తు. పట్టిక 40 డిగ్రీలకు ముందే ఆగిపోతే, ఆ పైన ఎగరొద్దనే దాని అర్థం. అప్పుడు మే నెల టైంటేబులు ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఆరు దాటాక పెట్టుకోవాలి.